పత్తి కాంటా, ఓటు ఫారం, పన్ను రసీదు: ఫానీ లూ హేమర్ జీవితం చెప్పాల్సిన తీరు

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికా నల్లజాతి ఉద్యమకారుల గురించి మన పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. సంతోషం. అయితే వాటిలో ఎక్కువ భాగం ఒకే దారిన పోతాయి: ఒక ఫొటో, చర్మం రంగు వల్ల పడిన అవమానం, జైలు, ప్రసంగంలోంచి రెండు వాక్యాలు, చివర ధైర్యానికి జోహారు. ఆ అణచివేత ఏ బల్ల ముందు నడిచింది, ఏ కాగితం మీద నడిచింది, ఎన్ని డాలర్లతో, ఎవరి సంతకంతో నడిచింది అన్నది మాత్రం రాయరు. మనిషి బతుకును ఏళ్ల తరబడి వంచింది ఆ కాగితాలే. పత్తి మీద బతికే వరంగల్, కరీంనగర్ జిల్లాల పాఠకులకు ఆ సంగతులే ముందు అర్థమవుతాయి. అందుకే మిసిసిపీ పత్తి కూలీ ఫానీ లూ హేమర్ జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పాలని ఈ లేఖ.

ఆమె 1917 అక్టోబర్ 6న మిసిసిపీ రాష్ట్రంలో, పాలుకు సేద్యం చేసే తల్లిదండ్రులకు ఇరవయ్యో బిడ్డగా పుట్టింది. రెండేళ్లప్పుడు కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మారింది. ఆరేళ్ల పిల్లను భూయజమాని పిలిచి, ఈ వారంలో 30 పౌన్ల పత్తి ఏరితే శనివారం నా దుకాణంలో తినేవి ఇప్పిస్తానన్నాడు. 30 పౌన్లంటే పదమూడున్నర కిలోలు. పిల్ల ఏరింది. మరుసటి వారం 60 పౌన్లు అయింది. పదమూడేళ్లు వచ్చేసరికి రోజుకు 200 నుంచి 300 పౌన్లు, అంటే 90 నుంచి 136 కిలోలు ఏరేది. పరకాల, ఆత్మకూరు, జమ్మికుంట వైపు చేలల్లో ఏరుడుకు పోయే ఆడవాళ్లకు ఈ అంకె బరువు చెప్పనక్కర్లేదు. నల్లవాళ్ల పిల్లలకు బడి ఏడాదికి నాలుగు నెలలే, డిసెంబర్ నుంచి మార్చి దాకా. చేలో పిల్లల చేతులతో పని లేని నెలలు అవి. ఆరో తరగతితో ఆమె చదువు ఆగింది.

పాలు లెక్క ఎట్లా నడిచేదో కొంచెం నిదానంగా చెప్పాలి. భూమి, ఇల్లు యజమానివి. విత్తనానికి, ఎరువుకు, పంట వచ్చేదాకా తిండికి అప్పు కూడా ఆయనే పెడతాడు. పంట చెరి సగం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. విత్తనం, ఎరువు, దుకాణం బాకీ, వడ్డీ అన్నీ కూలీ కుటుంబం సగంలోంచే కోస్తారు. పద్దు పుస్తకం యజమాని దగ్గరే. ఏడాది చివర్లో ఆయన చదివిందే లెక్క. కొత్త ఏడు మళ్లీ పాత బాకీతోనే మొదలు. నాగు వడ్డీలు, దొరల పద్దులు తాతల నోట విన్న తెలంగాణలో ఇది కొత్త కథ కాదు.

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. మిసిసిపీలో పేద తెల్లవాళ్లు కూడా పాలుకు చేశారు కదా, వాళ్లకూ ఇదే పద్దు కదా, మరి జాతి ఎక్కడొచ్చింది? న్యాయమైన ప్రశ్నే. పేద తెల్లవాడు ఆ పద్దు తప్పని నలుగురిలో అనగలడు, కోర్టుకు పోగలడు, కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్‌ను ఎన్నుకునేవాళ్లలో ఒకడు కాగలడు. నల్లవాడు తెల్లవాడి లెక్క తప్పనడమే ప్రాణం మీదికి తెచ్చుకోవడం. పద్దు ఒకటే, దాన్ని ప్రశ్నించే హక్కు మాత్రం రంగును బట్టి. ఫానీ లూ తండ్రి ఒక దశలో పాలు వదిలి భూమి కౌలుకు తీసుకున్నాడు, మూడు కంచరగాడిదలను, ఆవులను కొన్నాడు. ఓ రాత్రి ఎవరో వాటి తొట్టిలో పారిస్ గ్రీన్ కలిపారు. అది ఆర్సెనిక్, రాగి కలిసిన పురుగుమందు. పశువులన్నీ చచ్చాయి, కుటుంబం మళ్లీ పాలుకు వచ్చింది. పక్కవాడి ఈర్ష్య అని దీన్ని తీసెయ్యకూడదు. కౌలుదారుడైన నల్లవాడికి సొంత పద్దు ఉంటుంది, యజమాని పద్దుతో పని ఉండదు. అదే తెల్లవాళ్లకు కన్నెర్ర అయింది.

పెళ్లయ్యాక ఆమె, భర్త పెరీ హేమర్ రూల్‌విల్ దగ్గర ఒక పత్తి ఎస్టేటులో చేశారు. చదవడం రాయడం వచ్చు గనుక ఆమెను టైమ్‌కీపర్‌గా పెట్టారు. కూలీల గంటలు, ఏరిన పత్తి తూకం రాయడం పని. ఆ కాంటా సంగతి మన ఎనుమాముల యార్డులో దడ్వాయిలకు, హమాలీలకు చిటికెలో తెలుస్తుంది. పొడవాటి దండెకు పొట్టి వైపు పత్తి సంచి వేలాడదీస్తారు. పొడవు వైపు గీతల మీద ఒక రాయిని జరుపుతారు. దండె సమంగా నిలిచిన గీతే బరువు. ఆ రాయి ఉండాల్సిన దానికంటే బరువెక్కువదైతే తొందరగా, దగ్గరి గీత మీదే నిలుస్తుంది, అంటే బరువు తక్కువ చూపుతుంది. రాయి పదోవంతు బరువెక్కితే చాలు, 100 కిలోల పత్తి 91 కిలోలుగా కనిపిస్తుంది. హేమర్ సరైన రాయి ఒకటి తన దగ్గర ఉంచుకుని, యజమాని లేని వేళ దాంతో తూచేది. ఆయన వస్తుంటే మార్చేసేది. ఉద్యమంలోకి ఆమె 1962లో వచ్చిందని అందరూ రాస్తారు. మా దృష్టిలో ఆ రాయి మార్చిన రోజే వచ్చింది.

ఇప్పుడు మన దగ్గర ఎలక్ట్రానిక్ కాంటాలు. మోసం రాయిలోంచి తరుగులోకి, తేమలోకి జరిగింది. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 శాతం దాకా దామాషాగా కోసి కొంటుంది, ఆపైన కొనదు. కాబట్టి తేమ మీటరు ఎవరి చేతిలో ఉంది, తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) ఏ కోత ఏ పేరుతో పడింది అని చూసుకునే రైతుకు హేమర్ చేసిన పని విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

1961లో కణితి తీయించుకోవడానికి ఆస్పత్రికి పోతే, డాక్టర్ ఆమెకు చెప్పకుండా, అడగకుండా గర్భసంచి తీసేశాడు. ఆ సంగతి ఆమెకు ఎస్టేటు ఇంట్లోంచి పాకిన మాటల వల్ల తెలిసింది. కేసు వెయ్యలేదా అని అడుగుతారు. తెల్ల డాక్టరు మీద తెల్ల లాయరు వాదించాలి, తెల్ల జ్యూరీ (తీర్పు చెప్పే పౌరుల బృందం) వినాలి. ఆ రోజుల్లో అక్కడ నల్ల ఆడవాళ్లకు ఇలా చేయడం ఎంత మామూలంటే దానికి 'మిసిసిపీ అపెండిక్స్ ఆపరేషన్' అని పేరే పడింది. మన దేశంలో గర్భసంచి ఆపరేషన్లు అత్యధికంగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. సమ్మతి పత్రం మీద వేలిముద్ర ఎప్పుడు వేయించుకుంటున్నారు, ఎవరు చదివి వినిపిస్తున్నారు అన్న ప్రశ్న ఇక్కడ కూడా అడగాల్సిందే. దాన్ని మరో లేఖకు వదిలేద్దాం.

ఇక ఓటు. 1962 ఆగస్టులో రూల్‌విల్ చర్చిలో ఎస్‌ఎన్‌సీసీ అనే విద్యార్థి సంఘం పెట్టిన సభకు పోయేదాకా, నల్లవాళ్లకు ఓటు నమోదు చేసుకునే హక్కుందని ఆమెకు తెలియదు. అప్పటికి వయసు 44. ఆగస్టు 31న దాదాపు 18 మంది ఒక పాత బస్సులో కౌంటీ కేంద్రం ఇండియనోలాకు పోయారు. అక్కడ జరిగింది వరసగా చూడండి.

కోర్టు భవనంలోకి ఒకసారి ఇద్దరినే రానిచ్చారు. మిగతావాళ్లు బయట, తుపాకులు పట్టుకున్న తెల్లవాళ్ల మధ్య నిలబడాలి. లోపల 21 ప్రశ్నల ఫారం ఇస్తారు. మొదట్లో పేరు, చిరునామా లాంటివి. వాటి మధ్యలోనే ఎవరి దగ్గర పని చేస్తున్నావన్న ప్రశ్న. అది రాసిన పూటే యజమానికి కబురు పోతుంది. 18వ ప్రశ్నలో రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక సెక్షన్‌ను చూసి రాయాలి. ఏ సెక్షన్ అన్నది దరఖాస్తుదారు ఇష్టం కాదు, నమోదు చేసే గుమస్తా ఇష్టం. ఆ రాజ్యాంగంలో సెక్షన్లు 285. కొన్ని ఒక్క వాక్యం, కొన్ని లాయర్లకే కొరుకుడు పడనివి. 19వ ప్రశ్న: పైన రాసిన సెక్షన్ అర్థం సొంత మాటల్లో వివరించు. 20: రాజ్యాంగ పాలనలో పౌరుడి విధులేమిటి. 21: ప్రమాణం, సంతకం. జవాబు సరైందా కాదా తేల్చేది అదే గుమస్తా. నమూనా జవాబు ఎక్కడా లేదు. 1962లో తెచ్చిన చట్టాలు దీన్ని మరింత బిగించాయి: ఒక్క ఖాళీ వదిలినా ఫారం చెల్లదు, ఎందుకు తప్పావో గుమస్తా చెప్పకూడదు, పైగా దరఖాస్తుదారు పేరు, చిరునామా స్థానిక పత్రికలో రెండు వారాలు అచ్చువెయ్యాలి. ఎవరైనా ఓటరు వచ్చి ఈ మనిషి నడవడి మంచిది కాదని అభ్యంతరం పెట్టొచ్చు. పత్రికలో పడటమంటే పనిలోంచి తీసేసేవాడికి, అప్పు ఆపేసేవాడికి, రాత్రి తుపాకీ పేల్చేవాడికి చిరునామా అందించడం.

హేమర్‌కు వచ్చింది 16వ సెక్షన్. చేసినప్పుడు నేరం కాని పనిని తర్వాత చట్టం చేసి నేరమనకూడదన్న సూత్రం అందులో ఉంది. మన రాజ్యాంగంలో 20వ అధికరణం మొదటి క్లాజు అదే చెబుతుంది. చూసి రాయగలిగింది, వివరించలేకపోయింది. గుర్రానికి క్రిస్మస్ గురించి ఎంత తెలుసో నాకా చట్టం గురించి అంతే తెలుసునని తర్వాత చెప్పింది.

తిరుగు దారిలో పోలీసులు బస్సు ఆపారు. నేరం: బస్సు రంగు మరీ పసుపుగా ఉంది, స్కూలు బస్సనుకునే ప్రమాదముంది. జరిమానా 100 డాలర్లు, బేరమాడగా 30కి దిగింది. కూలీలు చిల్లర పోగేసి కట్టారు. ఆమె ఇల్లు చేరేలోపే యజమానికి వార్త అందింది. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఎస్టేటు వదిలిపో అన్నాడు. మీ కోసం కాదు, నా కోసం నమోదు చేసుకోవడానికి పోయానని చెప్పి ఆ రాత్రే వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్ల కొలువు ఒక సాయంత్రంలో పోయింది. భర్త మాత్రం పంట కోత పూర్తయ్యేదాకా కదలడానికి వీల్లేదు, కదిలితే సామాను దక్కదు. చివరికి సామానూ కారూ కూడా దక్కలేదు. సెప్టెంబర్ 10న ఆమె తలదాచుకున్న ఇంట్లోకి 16 తూటాలు పేల్చారు.

మళ్లీ రాయాలంటే 30 రోజులు ఆగాలి. పాసయ్యేదాకా నెలనెలా వస్తానని గుమస్తాకు చెప్పి డిసెంబర్‌లో మళ్లీ రాసింది, 1963 జనవరిలో పాసయింది. అయినా ఓటు వెయ్యనివ్వలేదు. కారణం పోల్ టాక్స్, అంటే ఓటు వెయ్యాలంటే కట్టాల్సిన తలపన్ను: ఏడాదికి 2 డాలర్లు, వరసగా గడిచిన రెండేళ్ల రసీదులు చూపాలి. రోజంతా పత్తి చేలో కలుపు తీస్తే వచ్చేది దాదాపు 3 డాలర్లు. పన్ను వసూలు చేసేది షెరీఫ్, అంటే కూలీని కొట్టించే మనిషికే పోయి డబ్బిచ్చి రసీదు అడగాలి. అదీగాక నమోదు కాని మనిషి గత రెండేళ్లకు ముందే పన్ను కట్టి ఉండాలట. తలుపులు ఒకదాని వెనక ఒకటి కట్టి, ఒకదాని తాళంచెవి ఇంకోదాని లోపల పెట్టడం ఇది. 1964 జనవరిలో 24వ రాజ్యాంగ సవరణ వచ్చాక కేంద్ర ఎన్నికలకు ఆ పన్ను పోయింది. రాష్ట్ర ఎన్నికలకు 1966లో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది.

1963 జూన్ 9న ఓటర్ల శిక్షణ తరగతులు ముగించుకుని తిరిగొస్తుండగా వైనోనా బస్ స్టేషన్‌లో ఆమెను, తోటివాళ్లను పట్టుకున్నారు. జైల్లో పోలీసులు ఇద్దరు నల్లజాతి ఖైదీలతోనే ఆమెను కొట్టించారు. కిడ్నీ దెబ్బతిన్నది, ఒక కంటి చూపు తగ్గింది. ఆ దెబ్బలు మిగతా జీవితమంతా ఆమెతో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం కేసు పెట్టింది. ఆ డిసెంబర్‌లో అందరూ తెల్లవాళ్లయిన జ్యూరీ పోలీసులను నిర్దోషులని వదిలేసింది. జ్యూరీలో నల్లవాళ్లు ఎందుకు లేరన్నది ఎవరూ రాయరు. జ్యూరీ పేర్లు తీసేది ఓటరు జాబితాలోంచే. ఓటు ఫారం దగ్గర తప్పించిన మనిషిని న్యాయస్థానంలోంచి కూడా తప్పించినట్టే. ఒక్క ఫారం ఎన్ని తలుపులు మూస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

1964లో, తెల్లవాళ్లదే అయిన రాష్ట్ర డెమోక్రటిక్ పార్టీకి పోటీగా వచ్చిన మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ, ఆ పార్టీ వాళ్లు సీట్లు అడగడానికి పోయిన అట్లాంటిక్ సిటీ డెమోక్రటిక్ జాతీయ సభ గురించి చాలామంది రాశారు గనుక క్లుప్తంగా: 68 మంది ప్రతినిధులు పోయారు, ఆగస్టు 22న ఆమె వాంగ్మూలం టీవీలో వస్తుండగా అధ్యక్షుడు జాన్సన్ హడావుడిగా విలేకరుల సమావేశం పెట్టాడు, అయినా రాత్రి వార్తల్లో ఆ వాంగ్మూలమే మళ్లీ వేశారు. జాతీయ పార్టీ పెద్దలు రెండు సీట్లిస్తామన్నారు, వీళ్లు వద్దన్నారు. ఆ ఏడే ఆమె కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు పోటీ చేసింది. నల్లవాళ్లను ఓటుకు దూరం పెట్టి గెలిచిన మిసిసిపీ సభ్యుల ఎన్నిక చెల్లదని వేసిన సవాలును 1965 సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభ 228-143తో కొట్టేసింది. అప్పటికే ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. పరీక్షలు రద్దయి, కేంద్ర అధికారులు వచ్చి నమోదు చేయడం మొదలుపెట్టారు. మిసిసిపీలో 1964లో 6.7 శాతం ఉన్న నల్లజాతి ఓటర్ల నమోదు 1967కల్లా 59.8 శాతానికి చేరింది. నల్లవాళ్లకు ఆసక్తి లేదు, చదువు లేదు అని డెబ్బై ఏళ్లు చెప్పిన మాట మూడేళ్లలో తేలిపోయింది.

ఓటు వచ్చాక ఆకలి వచ్చింది. దీని మీద చాలా తక్కువ రాస్తారు. పత్తి ఏరే యంత్రాలు, కలుపు మందులు అప్పటికే దిగాయి. 1967 నుంచి వ్యవసాయ కూలీలకు కూడా కనీస వేతనం గంటకు ఒక డాలర్ అన్నారు, యజమానులు కూలీలనే వదిలించుకున్నారు. ఆ ఏడే హేమర్ పెంచుకున్న కూతురు డొరతీకి రక్తస్రావమైతే దగ్గర్లో వైద్యం దొరకలేదు, మెంఫిస్‌కు తీసుకుపోయినా బతకలేదు. 1969లో హేమర్ 40 ఎకరాలతో ఫ్రీడమ్ ఫామ్ సహకార సంఘం పెట్టింది. తర్వాత అది 600 ఎకరాలు దాటింది. నీగ్రో మహిళల జాతీయ మండలి ఇచ్చిన పందులతో పంది బ్యాంకు నడిపింది: కుటుంబానికి చూలు పంది ఇస్తారు, ఈనాక కొన్ని పిల్లలను ఇంకో కుటుంబానికి అందేలా బ్యాంకులో తిరిగి జమచెయ్యాలి. సభ్యత్వం నెలకు ఒక డాలర్. పేరుకు 1500 కుటుంబాలు, డాలర్ కట్టగలిగినవి దాదాపు 30. మిగతాది ఆమె ఊరూరా తిరిగి ప్రసంగాలతో తెచ్చే విరాళాల మీద నడిచింది. ఆమె ఆరోగ్యం చెడింది, వరదలూ కరువూ వచ్చాయి, భూమి వాయిదాలు, పన్నులు పేరుకున్నాయి. 1970ల మధ్యలో పొలం చెయ్యిజారింది. ఒక మనిషి గొంతు మీద ఆధారపడిన సంఘం ఆ గొంతు ఆగితే ఆగుతుంది. మన దగ్గర సంఘాలు పెట్టేవాళ్లు ఈ ఓటమిని కూడా చదవాలి. ఆమె 1977 మార్చి 14న 59 ఏళ్లకు క్యాన్సర్‌తో చనిపోయింది.

మనకూ వాళ్లకూ పోలిక ఎక్కడిదాకా? కులాన్నీ జాతినీ ఒకటే అనడం సులువు, సరికాదు. అక్కడ గుమస్తాకు మొహం చూస్తే చాలు, ఇక్కడ ఊరు, ఇంటిపేరు అడుగుతారు. అయినా ఇటునుంచి అటు చూసిన పెద్దలున్నారు. 1873లో ఫూలే తన పుస్తకాన్ని బానిసత్వం రద్దుకు పాటుపడ్డ అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు లేఖ రాశాడు. జులై 31 తేదీతో జవాబు వచ్చింది. దొడ్డి కొమురయ్య కడవెండిలో నేలకొరిగిన నెల అదే.

ఓటు విషయంలో తేడా పెద్దది. మన రాజ్యాంగంలో వయోజన ఓటు హక్కునిచ్చే 326వ అధికరణం చదువును, ఆస్తిని, పన్నును అడగలేదు. 1952లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. అక్షరం రాని వెట్టి కూలీ గుర్తు చూసి కాగితం వేశాడు. అట్లా వేసిన ఓట్లతోనే వరంగల్ నుంచి పెండ్యాల రాఘవరావు లోక్‌సభకు పోయాడు. అదే ఏడు మిసిసిపీలో హేమర్ ఎస్టేటు తూకాలు రాస్తోంది, తనకు ఓటుందనే తెలియదు. జాబితా ప్రచురణనే తీసుకోండి. మనకు ముసాయిదా జాబితా బయటపెట్టడం పేరు పోయినవాడు చూసుకుని ఫారం 6 వేసుకోవడానికి. అక్కడ పేరు అచ్చువేసింది వాడిని వేటాడటానికి. పేరు తీసెయ్యమని పెట్టే ఫారం 7 మీద మాత్రం ఊళ్లల్లో కన్నేసి ఉంచాలి. ఇటుక బట్టీలకు, భీవండికి, గల్ఫ్‌కు పోయినవాళ్ల పేర్ల మీదే అది ఎక్కువ పడే వీలుంది. ఇక కౌలు రైతు సంగతి తెలిసిందే: చేను దున్నేది ఆయన, పాస్‌బుక్ ఇంకొకరిది, రైతుబంధు డబ్బు పడింది పాస్‌బుక్ ఉన్నవాళ్లకే.

తొమ్మిది, పది తరగతుల్లో ఈ పాఠం ఒక పీరియడ్‌లో చెప్పొచ్చు. ఐదారు ప్రశ్నల ఫారం తయారుచేసి, ఇద్దరిద్దరినే లోపలికి పిలవండి, మిగతావాళ్లు వరండాలో ఉండాలి. కొందరికి అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం, కొందరికి 20వ అధికరణం మొదటి క్లాజు ఇచ్చి అర్థం రాయమనండి. ఫలితం చెప్పండి, కారణం చెప్పకండి. పొరపాటు సాధారణంగా ఇక్కడే జరుగుతుంది: టీచరు మనసు ఒప్పక బాగా రాసిన పిల్లను పాస్ చేస్తారు, పిల్లలు అది చదువు పరీక్ష అనుకుని పోతారు. బాగా రాసిన ఫారాన్నే తప్పించాలి, తర్వాత పావుగంట దాని మీదే మాట్లాడించాలి. ఎవరు గుమస్తా, ఎవరు దరఖాస్తుదారు అన్నది చిట్టీలు తీసి తేల్చండి. దళిత, ఆదివాసీ పిల్లలను ఏరి ఆ వేషాల్లో నిలబెట్టకండి. బడిలో వాళ్లకు అది ఆట కాదు. కాంటా భాగానికి ఫిజిక్స్ టీచరు సాయం అడగండి, మీటరు బద్ద, రెండు రాళ్లు తెచ్చుకోండి.

మీ పత్రికకు ఒక విన్నపం. వచ్చే అక్టోబర్ 6న ఆమె ఫొటో వేస్తే వెయ్యండి, దాంతోపాటు ఆ 21 ప్రశ్నల ఫారాన్ని తెలుగులో పూర్తిగా వెయ్యండి. అర పేజీ పడుతుంది. 18, 19, 20 ప్రశ్నల కింద రాయడానికి ఖాళీ గీతలు కూడా ఉంచండి. ఇంట్లో ఎవరైనా పెన్ను తీసి ప్రయత్నిస్తారు.

ఇట్లు,
కొందరు సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు,
హనుమకొండ